రెండో చెంచా పెరుగు

పుదుచ్చేరి
3 జూన్ 2024

అక్కకు దండాలు.

ఈ జాబు చేతికందేటప్పటికి పక్కన నీ కొడుకు శివరామన్ ఉంటే, వాణ్ణి ఏదో ఒక పని మీద బయటికి పంపించి చదువుకో. వాడు మంచివాడే కానీ నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా ఫోనులో వాళ్ళ అత్తకు, అదే మా ఆవిడకు, అంతా ఒప్పజెప్పేస్తాడు. మా లోగనాయకికి తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాదు. నీ చెవులకేమో ఫోను పనికిరాదు. నాయన మనిద్దరినీ కూర్చోబెట్టి పలక మీద అక్షరాలు దిద్దించింది ఇందుకేనేమో, ఈ వయసులో లోగనాయకికి తెలియకుండా జాబులు రాసుకోవడానికి.

విషయమేమంటే, పోయిన నెల చెంగల్రాయన్ మనవడికి బాహూరులో చెవులు కుట్టారు. చెంగల్రాయన్ నీకు తెలుసు కదా, నా బస్సులో కండక్టరు, నాతోపాటే రిటైరయ్యాడు. అక్కడ మటన్ బిర్యానీ కడుపునిండా తిన్నాను. ఇంటికొచ్చాక కుడి డొక్క కింద మొదలైన నొప్పి వీపులోకి పాకింది. చెమటలు పట్టేశాయి. మా అమ్మాయి కీర్తిక పని మానేసి నన్ను స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది. స్కాను తీసి పిత్తాశయం నిండా రాళ్ళున్నాయన్నారు. తీసేయాలట. పొట్ట పెద్దగా కోయరట, చిన్న చిన్న కన్నాలు పెట్టి లాగేస్తారట. ఇంకోసారి నొప్పి వచ్చేదాకా ఆగితే లోపల చీము పట్టొచ్చు, ఆలస్యం చేయొద్దన్నాడు సర్జను.

కోస్తే కోసుకోనీ అక్కా, కోతకు నేను భయపడను. నా బాధ మత్తు గురించి. పూర్తి మత్తు ఇస్తారట. మనిషికి తెలివే ఉండదట.

నా సంగతి నీకు తెలుసు. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్కసారి కూడా ఇంకొకడు స్టీరింగు పట్టిన బండిలో నేను కన్ను మూయలేదు. తిరుపతికి పోయినా, కారైకాలుకు పోయినా, డ్రైవరు పక్క సీటే నాది. వాడు బ్రేకు తొక్కే ముందే నా కాలు నేలను తొక్కుతుంది, చేతులు లేని స్టీరింగును బిగించి పట్టుకుంటాయి. కీర్తిక స్కూటరు వెనక కూర్చుని ఆ నొప్పిలో కూడా "ఎడమపక్క ఆటో వస్తా ఉండాది, చూడు" అంటున్నానట. అలాంటి వాణ్ణి తీసుకుపోయి బల్ల మీద పడుకోబెట్టి, నీకేమీ తెలియదు, మేము చూసుకుంటాం అంటే ఎట్లా? మెలకువగా ఉంచి చేయకూడదా అని సర్జన్ను అడిగాను. నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నీకు అప్పుడెప్పుడో గర్భసంచి తీసేటప్పుడు పూర్తి మత్తు ఇచ్చారు కదా. ఎట్లా ఉంటుంది? నన్ను ఓదార్చడానికి కాకుండా ఉన్నది ఉన్నట్టు రాయి.

నీ తమ్ముడు
పురుషోత్తమన్

* * *

యానాం
11 జూన్ 2024

ఒరే పురుషోత్తం,

దీవెనలు తరవాత, ముందు తిట్లు. అరవై దాటిన మనిషివి, మనవడికి చెవులు కుట్టేది వాళ్ళైతే బిర్యానీ కుండ అడుగంటా ఊడ్చేది నువ్వా? నేను పంపిన ఆవకాయ కూడా ముట్టుకోకు. లోగనాయకిని తిననీ.

ఎలా ఉంటుందని అడిగావు కదా, చెబుతాను విను. బల్ల మీద పడుకోబెట్టారు. పైన తెల్లటి లైట్లు. చేతికి సూది గుచ్చుతూ ఓ నర్సమ్మ "ఎంతమంది పిల్లలమ్మా?" అంది. "ఇద్దరమ్మా. పెద్దాడు శివరామన్" అన్నాను. చిన్నదాని పేరు చెప్పబోయి కళ్ళు తెరిస్తే, ఎదురుగా మీ బావగారు ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నారు. "విజి" అన్నాను. "విజి బడికెళ్ళింది, నువ్వు ఊరుకో" అన్నారాయన. మధ్యలో మూడు గంటలు ఏమైపోయాయో నాకు ఇప్పటికీ తెలీదురా. నొప్పి లేదు, కల లేదు. చీకటి కూడా లేదు. నిద్రలోనైతే పడుకున్నామని తెలుస్తుంది, అటూ ఇటూ పొర్లుతాం. ఇందులో అదీ లేదు. ఉన్నది ఉన్నట్టు రాయమన్నావని రాశాను, బెంగపెట్టుకోకు.

నువ్వు పైకి ఏదో బస్సనీ బ్రేకనీ రాశావు గానీ, నాకు తెలుసు, నీకు పట్టుకున్నది ప్రాణభయం. అందుకే నీ జాబు చదివిన మర్నాడే మా పంతులుగారికి నీ జాతకం చూపించాను. గండం ఏమీ లేదన్నారు. కొంచెం వాహన దోషం ఉందట, దానికి నేను ఇక్కడ దీపం పెడుతున్నాను. నువ్వు చేయాల్సింది ఒక్కటే. ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు గుమ్మం దాటేముందు, లోగనాయకి చేత్తో చెంచాడు పెరుగూ చక్కెరా నోట్లో వేయించుకో. అమ్మ నాయనను మిల్లుకు పంపిన మొదటి రోజు పెట్టింది. నిన్ను మొదటి డ్యూటీకి పంపిన రోజూ పెట్టింది. ఆ చేతి పెరుగు తిన్నవాళ్ళెవరూ ఇంటికి తిరిగి రాకుండా ఉండలేదు. మానేశావో, నా మీద ఒట్టు.

ఆపరేషన్ అయ్యాక నేనూ శివరామనూ వచ్చి పది రోజులుంటాం. నీకు జావ నేనే కాస్తాను.

అక్క
అమృతవల్లి

* * *

పుదుచ్చేరి
20 జూన్ 2024

అక్కా,

చచ్చిపోతానని భయమని నేను రాయలేదు. ఎక్కడ రాశానో చూపించు. నా జాతకాన్ని మీ ఊరి పంతులుకు చూపించి, వాహన దోషమని ఆయన చేత అనిపించుకుంటావా? ఒక్కసారి కూడా బండిని ఎవరికీ తగిలించని మనిషిని పట్టుకుని వాహన దోషమట. మా డిపోలో ఎవరైనా వింటే నవ్వుతారు. గోదావరి నీళ్ళు తాగీ తాగీ నీకు "అండీ"లు వచ్చాయి గానీ, తమ్ముడు రాసింది అర్థం చేసుకోవడం మాత్రం పోయింది.

సరే, కోపం పక్కన పెట్టి జరిగింది చెబుతాను. మత్తు డాక్టరు ముందుగా ఒకసారి చూడాలన్నారు. ముసలాయన ఎవరో ఉంటాడనుకుంటే, మన కీర్తిక కంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో, అంతే. పేరు కయల్విళి. ఆమె మాట్లాడింది తమిళమే, నీకోసం తెలుగు చేసి రాస్తున్నాను. నోరు తెరవమంది, మెడ వెనక్కి వంచమంది. గురక పెడతారా, కదిలే పళ్ళున్నాయా, తాగుతారా అని అడిగింది. పక్కన లోగనాయకి కూర్చుని ఉంటే ఏం చెబుతాను? ఎప్పుడో పండగలకు అన్నాను. పళ్ళు ఇనుములా ఉన్నాయన్నాను.

తరవాత నేను అడిగాను.

"మీకెన్నేళ్ళ సర్వీసమ్మా?"

"ఆరేళ్ళయ్యా."

"యాక్సిడెంట్లు ఏమన్నా?"

లోగనాయకి నా తొడ మీద గిల్లింది. "ఏందయ్యా ఇది, ఆ బిడ్డను డ్రైవరు ఇంటర్వ్యూ చేసినట్టు అడగతా ఉండావు" అంది. డాక్టరమ్మ మాత్రం కోపగించుకోలేదు. ఇంతవరకు లేవయ్యా అంది.

"మీరు సూది వేసేసి టీకి పోయినారనుకోండి. మధ్యలో నాకు మెలకువొస్తే?"

"నేను ఎక్కడికీ పోనయ్యా. మీ తల దగ్గరే ఉంటాను. సర్జను మీ పొట్టను చూస్తాడు. నేను మిమ్మల్ని చూస్తాను. మీరు లేచి మాట్లాడేదాకా అది ఒక్కటే నా పని."

బాగానే చెప్పింది. కానీ అక్కా, బాగా మాట్లాడే డ్రైవర్లను నేను చాలామందినే చూశాను.

జూలై ఒకటో తేదీ సోమవారం ఆపరేషన్. ముందురోజు రాత్రి భోజనం తరవాత ఉపవాసం. మత్తులో గొంతుకు కాపలా ఉండదట. కడుపులో ఏదున్నా పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణానికే మోసమట. రెండుసార్లు చెప్పింది, నా చేత తిరిగి చెప్పించుకుంది. చిన్నపిల్లాడిలా అప్పజెప్పి వచ్చాను.

తమ్ముడు
పురుషోత్తమన్

* * *

యానాం
25 జూన్ 2024

పురుషోత్తం,

ఇది అందేలోపు తేదీ వచ్చేస్తుందని గబగబా రాస్తున్నాను. ఆ పిల్ల డాక్టరమ్మ నీ తల దగ్గరే కూర్చుంటానంది కదా, ఇంకేం కావాలిరా నీకు? కట్టుకున్న పెళ్ళాం కూడా అంతసేపు మన తల దగ్గర కూర్చోదు.

ఉపవాసమని పెరుగు మానేస్తావేమో, అందుకే ఈ ఉత్తరం. నలభై ఏళ్ళుగా ఏకాదశులుంటున్నాను, ఉపవాసం సంగతి నన్నడుగు. అన్నం తినకూడదు, ఉప్పు తినకూడదు. పాలూ పెరుగూ పండూ తప్పు కాదు. చెంచాడు పెరుగు ఏ ఉపవాసానికీ అడ్డం రాదు. లోగనాయకికి కూడా శివరామన్ చేత ఫోనులో చెప్పించాను. "వదిన చెప్పాక తప్పుతుందా" అందట. నా మరదలు బంగారం.

వేంకటేశ్వరుడు నీ వెంటే ఉంటాడు.

అక్క

* * *

పుదుచ్చేరి
3 జూలై 2024

అక్కా,

నీ పెరుగు చేసిన పని రాస్తున్నాను, చదువుకో.

సోమవారం పొద్దున్నే తలకు పోసుకున్నాను. గుమ్మం దగ్గర లోగనాయకి గిన్నె పట్టుకుని నిలబడింది. పెరుగు నోట్లో పెట్టింది. బయలుదేరాం. ఆసుపత్రిలో బట్టలు మార్చి, వీపు వైపు ముడేసే ఆకుపచ్చ చొక్కా తొడిగించారు, ఉంగరం తీయించారు, స్ట్రెచరు మీద పడుకోబెట్టి థియేటరు తలుపు దాకా తోసుకుపోయారు. అక్కడ డాక్టరమ్మ నా పేరు అడిగి, ఏ ఆపరేషనో నా నోటితోనే చెప్పించి, "పొద్దున ఏమైనా తిన్నారా అయ్యా?" అంది.

"ఏమీ లేదు. శకునానికి పెరుగు, అంతే."

ఆమె చేతిలో ఉన్న కాగితం కింద పెట్టేసింది. ఎప్పుడు, ఎంత అని అడిగింది. చెప్పాను. సర్జన్ను పిలిచింది. ఇద్దరూ అటు తిరిగి మాట్లాడుకున్నారు. ఇవాళ కుదరదయ్యా, కడుపులో పాలపదార్థం ఉండగా మత్తివ్వను అంది. ఇంకో తేదీ ఇరవై రెండున దొరికింది.

స్ట్రెచరు వెనక్కి తిప్పారు. బయట లోగనాయకి నన్ను చూసి, అప్పుడే అయిపోయిందా అని సంతోషపడింది. సంగతి తెలిశాక కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. కీర్తిక తను పనిచేసే గెస్టుహౌసులో బతిమాలి సెలవు పెట్టింది, అది కాస్తా పోయింది. "నైనా, తాగనీకి నీళ్ళు గూడ కొలిచి ఇచ్చినారు, పెరుగు యాడి నుంచి వచ్చె?" అని అరిచింది. నేనేం చెప్పను? అంతా మీ అత్త పెట్టిన ఒట్టు అన్నాను.

ఇంటికొచ్చి నాలుగు ఇడ్లీలు తిన్నాను. నొప్పేమీ లేదు. బాగానే ఉన్నాను.

తమ్ముడు

* * *

యానాం
9 జూలై 2024

నాన్నా పురుషోత్తం,

నీ జాబు చదివి కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండిపోయాను. ఏకాదశి ఉపవాసమూ ఆసుపత్రి ఉపవాసమూ ఒకటేననుకున్నాను రా. అంత మూర్ఖురాలిని. కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి దిగుతుందని నువ్వు రాస్తే చదివాను. చదివి కూడా, చెంచాడే కదా, శకునమే కదా అనుకున్నాను. ఆ పిల్ల అడగకపోయి ఉంటే? ఆ మాట తలచుకుంటే అన్నం దిగడం లేదు. మన అమ్మ చేతి మంచితనం నా చేతికి రాలేదు.

లోగనాయకి శివరామన్‌తో ఫోనులో "మీ అమ్మ చెప్పిందనే పెట్టినాను" అని ఒక్క మాట అని పెట్టేసిందట. ఆ తరవాత వీడు రెండుసార్లు చేస్తే ఎత్తలేదు. ఎత్తకపోవడం న్యాయమే. నా మీద ఎంత కోపముంటే అంత పెద్దమనిషి ఫోను ఎత్తకుండా ఉంటుంది?

ఈలోగా నీకు మళ్ళీ నొప్పి వస్తే ఆ పాపం నాది. నేను పెరుగు మానేశాను. నీ ఆపరేషన్ అయ్యేదాకా ముట్టను. రైలు టిక్కెట్లు కూడా వద్దనేశాను. నా శకునం మంచిది కాదు, నేను రాను. కీర్తికను నా తరపున క్షమించమను.

దీపం మాత్రం పెడుతున్నాను. దానికి మీ డాక్టరమ్మ అభ్యంతరం చెప్పదనుకుంటాను.

అమృతవల్లి

* * *

పుదుచ్చేరి
13 జూలై 2024

అక్కా,

నీ జాబు నిన్న వచ్చింది. రెండుసార్లు చదివి, చొక్కా వేసుకుని బీచి రోడ్డు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాను. ఇప్పుడు రాస్తున్నాను. చదివి నన్ను తిట్టు. తిట్టాక పెరుగు తిను.

నాకు తెలుసు అక్కా. ఆ పెరుగు తినకూడదని నాకు తెలుసు. డాక్టరమ్మ రెండుసార్లు చెప్పి నా చేత అప్పజెప్పించిన పాఠం అది, ఎట్లా మరిచిపోతాను? లోగనాయకి చెంచా ఎత్తినప్పుడు పెదవికి తాకించి వదిలేయొచ్చు. వద్దు, డాక్టరు వద్దన్నదని ఒక్క మాట చెబితే ఆమె గిన్నె పక్కన పెట్టేసేది. నేను నోరు తెరిచాను. మింగాను. మింగి, "ఇంకొక చెంచా ఎయ్యి" అన్నాను. ఆమె పాపం, మొగుడికి శకునం మీద ఇంత నమ్మకమా అని ముచ్చటపడి రెండో చెంచా నిండుగా వేసింది. మొదటిది నీ ఒట్టు కోసమని సర్దిచెప్పుకోవచ్చేమో. రెండోది నా భయం కోసం.

స్ట్రెచరు వెనక్కి తిప్పినప్పుడు నాకెంత హాయిగా ఉందో తెలుసా? ఆ సంతోషంలోనే నీ మీద నెపం వేసి అంత జాబు రాశాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. నువ్వు పెరుగు మానేస్తావనీ, రానంటావనీ నేను అనుకోలేదు. నీ జాబు చదివాక సిగ్గేసింది.

మొన్న గురువారం నొప్పి కూడా వచ్చింది. మొదటిసారి కంటే గట్టిగా వచ్చింది. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. అది నీ పాపం కాదు, నాది.

నిన్న లోగనాయకికి చెప్పేశాను. దోసె పోస్తోంది. విని గరిటె కింద పెట్టి నా వైపు తిరిగింది. "ఇన్నేండ్లు బస్సు తోలినోడివి, లారీకి ఎదురు పోయేవాడివి, ఒక సూదికి ఇంత భయమా? నా చేత్తో నీకు విషం పెట్టినట్టు నేను ఏడస్తా ఉంటే, నువ్వు ఇడ్లీకి చట్నీ కావాలంటివే!" అంది. ఆ దోసె మాడిపోయింది. మాడిన దోసే నాకు వేసింది. ఆమె శివరామన్ ఫోను ఎత్తనిది నీ మీద కోపంతో కాదు అక్కా. తన చేత్తోనే పెట్టింది కాబట్టి నీకు మొహం చూపించలేక. మీరిద్దరూ తలో ఊళ్ళో కూర్చుని, నేను చేసిన తప్పుకు తలో పక్క ఏడ్చారు.

ఇవాళ పొద్దున్నే ఒక్కణ్ణే డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఉన్నది చెప్పాను. తిడుతుందనుకున్నాను. "పరవాలేదయ్యా, చెప్పారు కదా. ఇడ్లీలు తినొచ్చి తినలేదనేవాళ్ళున్నారు. వాళ్ళకే నేను భయపడతాను" అంది. తరవాత "డ్యూటీ మధ్యలో బస్సు వేరే డ్రైవరుకు ఇవ్వాల్సొస్తే ఏం చేస్తారు?" అని అడిగింది.

"తాళం ఇచ్చి దిగిపోము కదమ్మా. బండి గుణం చెప్తాం. రెండో గేరు గట్టిగా ఉంది, బ్రేకు ఎడమకు లాగతాది, హారను వానలో పలకదు. దాచిపెడితే వాడు యాడో గుద్దుతాడు."

"అట్లే నాకూ చెప్పండి" అంది.

చెప్పాను అక్కా. లోగనాయకి పక్కన లేదు. తాగేది పండగలకు కాదు, చెంగల్రాయన్‌తో వారంలో మూడు సాయంత్రాలు. పళ్ళు ఇనుము కాదు, కింద ముందు పన్ను కదులుతోంది. గురక వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఒక్కోసారి నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తాను, ఇది ఎవరికీ చెప్పలేదు. ఆమె అన్నీ రాసుకుంది. పన్ను ముందే తెలియడం మంచిదైందట, గొట్టం పెట్టేటప్పుడు ఊడి లోపల పడేదట. ఇరవై రెండు దాకా మందు వాసన కూడా చూడొద్దంది. బయటికొచ్చేటప్పుడు మనసు తేలికైంది. భయం పోలేదు, ఉంది. కానీ బండి గుణం చెప్పేశాను.

నువ్వు రావాలి. నీ శకునానికి ఏమీ కాలేదు. నా బుద్ధికే అయింది.

తమ్ముడు
పురుషోత్తమన్

* * *

యానాం
18 జూలై 2024

దొంగసచ్చినోడా,

రెండో చెంచా అడిగి వేయించుకున్నావా? అడిగి మరీ! నీ జాబు చదువుతూ నేను నవ్విన నవ్వుకు శివరామన్ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాడు, నాకేదో అయిందని. వాడికి చదివి వినిపించేశాను. ఏం చేస్తావో చేసుకో. వాడు వెంటనే లోగనాయకికి ఫోను చేశాడు. ఈసారి మొదటి గంటకే ఎత్తింది. ఆమె మాట నాకు వినపడదు, నా మాట వీడు అటు చెప్పాడు, ఆమె మాట ఇటు చెప్పాడు. అరగంట సేపు ఇద్దరం కలిసి నిన్ను తిట్టాం. ప్రాణానికి ఎంత సుఖంగా ఉందో.

తిట్లయిపోయాక ఒక్క మాట. చిన్నప్పుడు నువ్వు దేనికీ భయపడనని చెప్పుకునేవాడివి, నేను నమ్మేదాన్ని. భయపడ్డానని రాసింది ఇదే మొదలు. నాకు ఈ తమ్ముడే బాగున్నాడు. ఆ పిల్ల నిన్ను చక్కగా చూస్తుంది. పడుకో. మేము మేలుకుని ఉంటాం.

నెలాఖరుకు టిక్కెట్లు దొరికాయి. వస్తున్నాం. ఇవాళ మధ్యాహ్నం పెరుగన్నం తిన్నాను, నీ మీద కోపంతో రెండుసార్లు వడ్డించుకున్నాను.

అక్క

* * *

పుదుచ్చేరి
25 జూలై 2024

అక్కా,

నీ తమ్ముడు కులాసా. పొట్ట మీద నాలుగు ప్లాస్టర్లు. పొట్టలోకి ఊదిన గాలి ఇంకా కొంచెం మిగిలి భుజంలో నొప్పి పెడుతోంది. పొట్ట కోస్తే భుజం నొప్పేమిటో నాకు అర్థం కాలేదు, మామూలేనట. మీరు వచ్చాక వివరంగా చెబుతాను గానీ, నేను నిన్ను అడిగిన ప్రశ్నకు ఇప్పుడు నా జవాబు కూడా రాయాలి కదా.

థియేటరులో చలి. నా వేలికి ఏదో క్లిప్పు పెట్టారు. నా గుండె చప్పుడు మిషనులో టక్కు టక్కుమని బయటికి వినిపించింది. ఇంజను విన్నట్టు విన్నాను, కొంచెం జోరుగానే పోతోంది. డాక్టరమ్మ తలవైపు నిలబడింది, నాకు ఆమె మొహం తలకిందులుగా కనిపించింది. ముక్కూ నోరూ కప్పి మాస్కు పెట్టి, మామూలు గాలేనయ్యా, బాగా పీల్చండి అంది. చేతి వెనక సూదిలోంచి పాలలాంటి తెల్లటి మందు ఎక్కించింది. కొంచెం మంట పుడుతుంది అంది. పుట్టింది, మోచెయ్యి దాకా పాకింది. నోట్లో ఇనుప రుచి. నేనేమనుకున్నానో తెలుసా? ఎప్పుడు పోతానో కనిపెట్టాలి, ఆ క్షణాన్ని పట్టుకోవాలి అనుకున్నాను. పైన లైటు మీద చూపు పెట్టి చూస్తూనే ఉన్నాను. డాక్టరమ్మ ఏదో అడిగింది.

"అయ్యా, కళ్ళు తెరవండి. పురుషోత్తమన్ అయ్యా."

తెరిచాను. "నేను రెడీ అమ్మా, మొదలుపెట్టండి" అన్నాను. గొంతు గరగరలాడింది. ఎవరో నవ్వారు. అయిపోయిందయ్యా, రాళ్ళు సీసాలో ఉన్నాయి అన్నారు. నమ్మలేదు. చెయ్యి పొట్ట మీదికి పోనిచ్చి ప్లాస్టర్లు తడిమాకే నమ్మాను. నువ్వు చెప్పింది నిజమే, చీకటి కూడా లేదు. వణుకు పుడితే వెచ్చటి దుప్పటి కప్పారు. అప్పుడు ఏడుపొచ్చింది అక్కా. నొప్పికి కాదు, భయానికి కాదు. నేను లేని అంతసేపూ ఎవరో నన్ను చూసుకున్నారు కదా అని.

పడుకుని ఒక సంగతి ఆలోచించాను. విల్లియనూరు రూటులో పొద్దున మొదటి ట్రిప్పుకు కూరగాయల గంపలతో ఆడవాళ్ళు ఎక్కేవాళ్ళు. సీటు దొరికితే చాలు, ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టి నిద్రపోయేవాళ్ళు. అద్దంలో చూసి నిద్రమొహాలు అనుకునేవాణ్ణి. వాళ్ళకు నా పేరు కూడా తెలియదు. స్టీరింగు ఎవరి చేతిలో ఉందో లేచి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇన్నేళ్ళూ నా వెనక అంతమంది నన్ను నమ్మి కళ్ళు మూసుకున్నారని నాకు ఇప్పుడు తట్టింది. తెలిసి ఉంటే ఆ మలుపుల్లో ఇంకొంచెం మెల్లగా తోలేవాణ్ణి.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ వార్డుకు వచ్చింది. చెంగల్రాయన్ నా మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పన్ను క్షేమమేనా అని చూసింది. నేను ఆపుకోలేక అడిగాను, చివరగా మీరు నన్ను ఏమడిగినారమ్మా, నేను జవాబు చెప్పానా అని.

"ఇక మొదలుపెట్టమంటారా అయ్యా అని అడిగాను. మీరు 'రైట్, పోలాం' అన్నారు. గట్టిగా అన్నారు. థియేటరులో అందరూ నవ్వారు."

నువ్వు మా బస్సులెక్కి చాలా ఏళ్ళయింది, మరిచిపోయావేమో. జనమంతా ఎక్కాక కండక్టరు "రైట్, పోలాం", అదే మన "పోదాం", అంటేనే మేము బండి కదిలిస్తాం. ఆ మాట చెప్పేది కండక్టరు. డ్రైవరు నోట అది రానే రాదు, రాకూడదు. ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్ని లక్షల సార్లు విన్నానో, ఒక్కసారి కూడా నేను అనలేదు.

చెంగల్రాయన్ స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు. తరవాత డాక్టరమ్మను అడిగాడు.

"అమ్మా, మా అన్న ఆ మాట అనేటప్పుడు చేతులు యాడ పెట్టుకొని ఉండాడు?"

ఆమెకు అర్థం కాలేదు. కొంచెం ఆలోచించి చెప్పింది. "రెండూ పక్కకు చాపి వదిలేశారు. విప్పి ఉన్నాయి."

నీ తమ్ముడు
పురుషోత్తమన్